కికి ఛాలెంజ్

కికి ఛాలెంజ్ 2018 జూలై, ఆగస్టు నెలల్లో సామాజిక మాధ్యమాల ద్వారా ప్రపంచమంతటా పాకిన నృత్య సవాలు. కదులుతున్న కారులోంచి దిగి, తెరిచిన తలుపు పక్కనే నడుస్తూ డాన్స్ చేయడం, దాన్ని కారులో ఉన్నవారు వీడియో తీయడం ఇందులోని పద్ధతి. ప్రాణాలకు ముప్పు తెచ్చే ఆన్‌లైన్ సవాళ్లకు ఇదొక ఉదాహరణ.

పుట్టుక

కెనడా గాయకుడు డ్రేక్ పాడిన ‘ఇన్ మై ఫీలింగ్స్’ దీనికి మూలం. పాటలో వినిపించే కికి అనే పేరే సవాలుకూ వచ్చింది. 2018 జూన్ నెలాఖరులో అమెరికన్ హాస్యనటుడు షిగ్గీ ఈ పాటకు వీధిలో డాన్స్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. అందులో కదిలే కారు లేదు. అతణ్ని అనుకరించినవారే తర్వాత ఆ ప్రమాదాన్ని జోడించారు.

పర్యవసానాలు

కారు దిగుతూ పడినవారికి గాయాలయ్యాయి. ముంబయి, ఢిల్లీ పోలీసులు హెచ్చరికలు జారీ చేశారు. మహారాష్ట్రలోని విరార్‌లో లోకల్ రైలు వెంట డాన్స్ చేసిన ముగ్గురు యువకులకు, వసై రైల్వే స్టేషన్‌ను మూడు రోజులు శుభ్రం చేసి ప్రయాణికులకు ఈ సవాలు ప్రమాదాన్ని వివరించాలని కోర్టు ఆదేశించింది.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన ‘మై విలేజ్ షో’ బృందం మరో దారి చూపింది. ఇద్దరు యువకులు బురద మడిలో ఎడ్ల పక్కన అదే పాటకు చిందేశారు. రోడ్డూ కారూ లేని ఆ వీడియో దేశవిదేశాల్లో వైరల్ అయింది.

కౌమారంలో ఇలాంటి సవాళ్ల మోజు ఎందుకు?

ఆనందాన్ని, మెప్పును కోరే మెదడు వ్యవస్థలు కౌమారంలో చురుగ్గా ఉంటాయి. తొందరపాటును అదుపు చేసే మెదడు ముందుభాగం మాత్రం ఇరవైల నడిమి దాకా ఎదుగుతూనే ఉంటుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వీడియో గేమ్‌లో కారు నడిపించి పరిశీలించారు. తోటివారు పక్కన ఉన్నప్పుడు కౌమారులు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువ ప్రమాదాలకు సిద్ధపడ్డారు. పెద్దల్లో ఆ తేడా అంతగా కనిపించలేదు. ఫోన్ చేతికొచ్చాక ఆ ‘తోటివారు’ వేలల్లో ఉంటున్నారు.

నివారణ

పిల్లలకు ప్రమాదం తెలియదనుకోవడం పొరపాటు. తెలిసినా, నలుగురి ముందు వెనకడుగు వేయడం వారికి కష్టం. అందుకే తిట్టి ఫోన్ లాక్కోవడంతో సరిపెట్టకుండా, స్నేహితులకు ‘వద్దు’ అని ఎలా చెప్పాలో పెద్దలు వారితో మాట్లాడాలి. వీడియో తీయమని అడిగిన మిత్రుడికి ‘నేను తీయను’ అని చెప్పగలిగే ధైర్యాన్ని ప్రతి ఇల్లూ, ప్రతి బడీ పిల్లలకు నేర్పాలి.