బిస్కోటీ: రెండోసారి ఎందుకు కాల్చాలి?

మనం రోజూ వాడే ‘బిస్కెట్’ అనే మాటకు మూలం లాటిన్‌లో ఉంది. ‘బిస్’ అంటే రెండుసార్లు, ‘కోక్టుస్’ అంటే వండినది. అయితే నేడు దుకాణాల్లో దొరికే బిస్కెట్లలో చాలావరకు ఒక్కసారి కాల్చినవే. ఆ పేరుకు తగ్గట్టు ఇప్పటికీ రెండుసార్లు కాలుతున్నవాటిలో ఇటలీ బిస్కోటీ ఒకటి. మన టీ కొట్లలో దొరికే రస్కు కూడా ఆ కోవలోనిదే.

ఇటలీలో ‘బిస్కోటీ’ అంటే ఏ రకం బిస్కెట్లయినా కావచ్చు. బయటి ప్రపంచం ఆ పేరుతో పిలిచే బాదం బిస్కెట్లను టస్కనీ ప్రాంతంలో ‘కాంటూచి’ అంటారు. ఫ్లోరెన్స్‌కు దగ్గరలోని ప్రాటో పట్టణం వీటికి ప్రసిద్ధి. అక్కడ 1858లో ఆంటోనియో మత్తేయి ప్రారంభించిన దుకాణం నేటికీ నడుస్తోంది. టస్కనీ కాంటూచీకి 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. భోజనం ముగిశాక వీటిని ‘విన్ శాంతో’ అనే తీపి వైన్‌లో ముంచుకుని తినడం అక్కడి ఆనవాయితీ.

గట్టిదనం లోపం కాదు

రెండోసారి కాల్చడం రంగు కోసం కాదు, తేమను తీసేయడానికి. తేమ తగ్గితే బూజు పట్టదు, సరుకు ఎక్కువ రోజులు నిలుస్తుంది. పూర్వం ఓడ ప్రయాణాలకు రెండుసార్లు కాల్చిన రొట్టెను తీసుకెళ్లడానికి కారణమూ ఇదే. ప్రాటో పద్ధతిలో వెన్న, నూనె వేయరు. పిండిని కలిపి ఉంచేది గుడ్డు ఒక్కటే. అందుకే బిస్కోటీ గట్టిగా ఉంటుంది. మెత్తబడాలని వెన్న కలిపే వంటకాలూ ఉన్నాయి. వాటిని కొరకడం తేలికే కానీ, కొవ్వు ఎక్కువైన కొద్దీ త్వరగా కమురు వాసన వస్తుంది.

ఇంట్లో చేసే విధానం

కావలసినవి: మైదా 250 గ్రాములు, పంచదార 170 గ్రాములు, గుడ్లు 2, అదనంగా ఒక పచ్చసొన, పొట్టు తీయని బాదం 125 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, చిటికెడు ఉప్పు, కొద్దిగా నారింజ తొక్క తురుము. బేకింగ్ పౌడర్ పాత పద్ధతిలో లేదు. వేస్తే బిస్కోటీ కాస్త గుల్లగా వస్తుంది.

ఓవెన్‌ను ముందుగా 180 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి పెట్టుకోవాలి. గుడ్లు, పచ్చసొన, పంచదార బాగా గిలకొట్టి, పొడి పదార్థాలు కలిపి, చివరగా బాదం వేయాలి. పిండి చేతికి అంటుకుంటుంది. అలాగని మైదా పెంచకుండా చేతులు తడి చేసుకుంటే సరిపోతుంది. ఈ పిండిని 5 సెంటీమీటర్ల వెడల్పున రెండు పొడవాటి రొట్టెల్లా చేసి, బేకింగ్ పేపర్ పరచిన ట్రేలో ఎడంగా ఉంచాలి. లేత బంగారు రంగు వచ్చేవరకు, అంటే సుమారు 25 నిమిషాలు కాల్చాలి.

తర్వాత 10 నుంచి 15 నిమిషాలు ఆరనివ్వాలి. చాలామందికి తేడా వచ్చేది ఈ దశలోనే. మరీ వేడిగా ఉండగా కోస్తే రొట్టె పొడిపొడి అవుతుంది. పూర్తిగా చల్లారాక కోస్తే బాదం దగ్గర పగులుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు, రంపపు అంచున్న బ్రెడ్ కత్తితో ఏటవాలుగా, ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోయాలి. ముక్కలన్నీ ఒకే మందంలో ఉంటేనే సమంగా ఆరతాయి.

కోసిన ముక్కలను ట్రేలో పడుకోబెట్టి, ఈసారి 150 డిగ్రీల వద్ద ఒక్కో వైపు 8 నుంచి 10 నిమిషాలు కాల్చాలి. వేడి ఎక్కువైతే లోపలి తేమ పోకముందే పైభాగం మాడుతుంది. ఓవెన్ నుంచి తీసినప్పుడు ముక్క కాస్త మెత్తగా అనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. వేడికి మెత్తబడిన పంచదార చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. కరకరలాడటం అప్పుడే మొదలవుతుంది. ఓవెన్‌లోనే గట్టిపడాలని చూస్తే చల్లారాక పంటికి లొంగదు.

నిల్వ చేసేటప్పుడు

పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి. పంచదార గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. కాబట్టి వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీర నగరాల్లో, గాలి చొరని డబ్బా తప్పనిసరి. సరిగ్గా ఆరినవి రెండు వారాల వరకు బాగుంటాయి. ఈలోపు మెత్తబడితే 150 డిగ్రీల వద్ద 5 నిమిషాలు వేడి చేసి చల్లార్చితే చాలు, కరకరలు తిరిగి వస్తాయి.

వైన్ లేకపోయినా లోటు లేదు. చిక్కటి ఫిల్టర్ కాఫీలో రెండు మూడు క్షణాలు ముంచితే, గట్టి ముక్క మెత్తబడి బాదం రుచి పైకి తేలుతుంది. రస్కు తినడం అలవాటైన వారికి ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు.