బ్రిటిష్ కుస్తీలో స్వతంత్రులు

బ్రిటన్‌లో స్వతంత్ర కుస్తీ సంస్థలలో ఏది మేటి యను వాదము అభిమానుల నడుమ నేటికిని తెగలేదు. గెలుపోటములు ముందుగనే నిశ్చయింపబడు కుస్తీ యిది. కావున ఎవరు గెలిచిరను లెక్క ఇచట పనికిరాదు. అసలు స్వతంత్రమనగా ఎవరి నుండి?

1952లో కొందరు నిర్వాహకులు జాయింట్ ప్రమోషన్స్ అను కూటమిగా ఏర్పడి, దేశమును ప్రాంతములుగా పంచుకొనిరి. 1955లో ఐటీవీ కుస్తీ ప్రసారములు ఆరంభించెను. ఆ అవకాశము చిరకాలము ఈ కూటమికే దక్కినది. దానికి వెలుపల నున్నవారే నాటి స్వతంత్రులు. వారిలో పాల్ లింకన్ ఒక వింత మనిషి. ఆస్ట్రేలియా నుండి వచ్చి, లండన్‌లోని సోహోలో కాఫీ హోటలు నడపెను. ముసుగు ధరించి ‘డాక్టర్ డెత్’ అను పేర తానే బరిలోనికి దిగెడివాడు.

బ్రయన్ డిక్సన్ 1970లో స్థాపించిన సంస్థ పిమ్మట ఆల్ స్టార్‌గా పేరొంది, 1987లో ప్రసారములందు వాటా సంపాదించెను. మరుసటి యేడే ఐటీవీ కుస్తీని మానివేసినది! అయినను ఆల్ స్టార్ సముద్రతీరపు ఊళ్ల హాళ్లలోను, బట్లిన్స్ విహార శిబిరములలోను పోటీలు సాగించెను.

లండన్‌లో పుట్టిన ప్రోగ్రెస్, 2018లో వెంబ్లీ అరీనాలో ప్రదర్శన నిచ్చినది. ఈ తరమువారికి స్వతంత్రమనగా అమెరికా వారి డబ్ల్యూడబ్ల్యూఈ నుండియే. వారిలో పలువురు ప్రోగ్రెస్‌నే మెచ్చుకొందురు. మేము మాత్రము ఆల్ స్టార్ పక్షము వహింతుము: టెలివిజన్ విడిచిపెట్టిన యేండ్లలో కొత్త మల్లులకు బరి చూపినది అదియే.