పేరు చెడిన చీటిగుడ్డ

ఆంగ్లభాషలో ‘చింట్జీ’ అను మాట యొకటి కలదు. నాసిరకపుది, పైమెఱుగే గాని పస లేనిది అని దాని యర్థము. అమెరికావారు పిసినారిని గూడ నీ మాటతోనే యెత్తిపొడుతురు. ఈ నింద యెక్కడ పుట్టినదో విచారించితిమా, మన తెలుగు సముద్రతీరమునకే పోవలసివచ్చును.

‘చింట్జీ’కి మూలము ‘చింట్జ్’. దానికి మూలము హిందీలోని ‘ఛీంట్’, అనగా రంగుల చుక్కలు, బొమ్మలు గల నూలుగుడ్డ. ఆ మాట సంస్కృతమునందలి ‘చిత్ర’ శబ్దమునకు చుట్టము. మన పెద్దలు చీటిగుడ్డ యనునదియు నిదియే.

17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు మచిలీపట్నము ముఖ్యమైన రేవు. అచ్చట డచ్చివారు ముందుగను, వారి వెనుక 1611లో ఆంగ్లేయులును వర్తకశాలలు నెలకొల్పిరి. వారు కోరి కొన్నది మన కలంకారీ గుడ్డ. దాని పని యెంతటిదో వినుడు. ముందు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బఱ్ఱెపాలలో ముంచి యారవేయుదురు. ఇనుప తునకలను బెల్లపు నీటిలో పులియబెట్టి, ఆ నీటితో నల్లని గీతలు గీయుదురు. ఎఱ్ఱన కావలసినచోట పటిక నీరు పూసి, గుడ్డను చిరివేరుతో ఉడికించుదురు. పటిక పడినచోటనే యెఱుపు గట్టిగా నిలుచును. నీలి కొఱకు మిగిలిన భాగమును మైనముతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచుదురు. ఉదికినకొలది వన్నె తేరు నీ గుడ్డను జూచి ఐరోపావారు విస్తుపోయిరి. వారికప్పుడు నూలుగుడ్డపై నిట్టి చెదరని రంగు వేయు విద్య తెలియదు.

ఆ వెఱ్ఱి యెంత ముదిరినదనగా, ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఈ గుడ్డలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో మన అద్దకపు గుడ్డల వాడుకను మాన్పుటకు చట్టము చేసెను. అది చాలక 1719లో లండను నేతగాండ్రు వీధులలో చీటిగుడ్డ కట్టిన స్త్రీలపై బడి గుడ్డలు చింపిరి. తమ కూడు పోవుచున్నదని వారి దుఃఖము. ఆడువారిపై చేయి చేసికొనుట మాత్రము క్షమింపరానిది. 1721లో మఱింత కఠినమైన చట్టము వచ్చినది.

నిషేధము వలన కోరిక చావలేదు. నకలుదారులకే మేలు కలిగెను. తెలుగు నేర్చిన కూర్దో అను ఫ్రెంచి పాదిరి 1742లో మన రంగుల రహస్యములను లేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను. 1783లో థామస్ బెల్ అను నతడు రాగి ఉరుళ్లతో గుడ్డ నద్దు యంత్రమునకు హక్కు పొందెను. పిమ్మట ఆవిరి తోడయ్యెను. మనవాడు దినముల తరబడి చేయు పనిని యంత్రము క్షణములలో ముగించినది. చవక చీటిగుడ్డ ఇల్లిల్లు నిండినది, మోజు తీఱినది. 1851 నాటికి జార్జి ఎలియట్ అను కలముపేరు గల రచయిత్రి తన లేఖలో ఒక గుడ్డను ‘చింట్జీ’ యని తీసిపాఱవేసినది. చేసినది వారి యంత్రము, చెడినది మన గుడ్డ పేరు!

నేను గోలేటిలో బొగ్గు గనుల నడుమ నుండువాడను. మా బొగ్గునకు ఈ కథతో నేమి పొత్తు అందురేమో. చిరివేరులో ఎఱుపునిచ్చు సారము ఆలిజరిన్. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనజ్ఞులు దానినే తారునుండి తీసిన పదార్థముతో తయారుచేసిరి. ఆ తారు పుట్టినది బొగ్గునుండియే. భూమిలో వేరు త్రవ్వువాని పనిని భూమిలో బొగ్గు త్రవ్వువాని పని మ్రింగినది. మా గోలేటి బొగ్గు రంగులకు గాక పొయ్యిలకే పోవుననుట నిజమే. అయినను ఆ సంగతి చదివిన నాడు నాకు మనసు చివుక్కుమన్నది.

మచిలీపట్నము చెంతనున్న పెడనలో నేటికిని చెక్క అచ్చులతో అద్దువారున్నారు. ఎఱుపునకు వారిలో పలువురు ఆ ఆలిజరినునే వాడుదురు. అంగళ్లలో కలంకారీ యని అమ్మబడు గుడ్డలో చాలభాగము యంత్రములపై నద్దినదే. కొనునప్పుడు గుడ్డను తిరుగవేసి చూడుడు. చేతి అద్దకమైనచో రంగు వెనుకకు దిగియుండును; అచ్చునకు అచ్చు ఆనినచోట వెండ్రుకవాసి తేడా కనబడును.