టీవీ కొనే ముందు తెర గురించి తెలుసుకోవాల్సినవి

షోరూంలో వరుసగా పెట్టిన టీవీలన్నీ కళ్లు చెదిరేలా ఉంటాయి. అక్కడ నడిచేది కంపెనీ తయారుచేసిన 4కె డెమో వీడియో. ఇంట్లో మనం చూసేది కేబుల్‌లోనో డిష్‌లోనో వచ్చే తెలుగు వార్తలు, సీరియళ్లు, సినిమాలు. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా స్థానిక ప్యాకులో తెలుగు చానళ్లు కొన్నే ఉండొచ్చు, అవీ ఎస్‌డీలోనే రావచ్చు. కాబట్టి తెరను ఎంచుకునేటప్పుడు మన ఇంటికి వచ్చే సిగ్నల్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తెరలు ఎన్ని రకాలు?

పేర్లు చాలా ఉన్నా మూలం రెండే రకాలు.

ఎల్‌సీడీ: ఈ తెర స్వయంగా వెలగదు. వెనక ఉన్న దీపాల వెలుగును ద్రవ స్ఫటికాల పొర కావలసినంత వదులుతుంది, మిగతాది ఆపుతుంది. ఇప్పుడు 'ఎల్‌ఈడీ టీవీ' అని అమ్మేది కూడా ఎల్‌సీడీయే. వెనక వెలిగే దీపాలు మాత్రమే ఎల్‌ఈడీలు. 'క్యూఎల్‌ఈడీ'లో ఆ దీపాలకూ తెరకూ మధ్య క్వాంటమ్ డాట్ల పొర ఉంటుంది, దానివల్ల రంగులు నిండుగా వస్తాయి. ఈ క్వాంటమ్ డాట్లను కనుగొన్నవారికే 2023లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. 'మినీ ఎల్‌ఈడీ'లో చిన్నచిన్న దీపాలను భాగాలుగా విడదీసి, చీకటి ఉన్నచోట తగ్గిస్తారు. అందుకే నలుపు బాగా కనిపిస్తుంది.

ఓఎల్‌ఈడీ: ఇందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. ధర ఎక్కువ. రోజంతా ఒకే వార్తా చానల్ పెట్టే ఇంట్లో చానల్ లోగో, కింద కదలని పట్టీ ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే తెరపై మచ్చలా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఇంటికి ఎల్‌సీడీ రకమే నయం.

క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడవద్దు. మొదటిది ఎల్‌సీడీకి మెరుగు, రెండోది వేరే సాంకేతికత.

ఎన్ని చుక్కలు, ఎంత సైజు?

ఎస్‌డీ చిత్రంలో 720×576 చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీలో 1920×1080, అంటే సుమారు 20 లక్షలు. 4కెలో 3840×2160, సుమారు 83 లక్షలు. 4కె టీవీ ఎస్‌డీ చానల్‌ను సాగదీసి చూపుతుంది కానీ లేని వివరాన్ని తీసుకురాలేదు. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ మసక ఇంకా బయటపడుతుంది.

కూర్చునే దూరం తెర మూల నుంచి మూలకున్న కొలతకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు ఉంటే మేలు. 32 అంగుళాలకు 4 నుంచి 6.5 అడుగులు, 43కు 5.5 నుంచి 9, 55కు 7 నుంచి 11.5 అడుగులు. ఎస్‌డీ చానళ్లే ఎక్కువ చూసేవారు దూరం వైపే మొగ్గాలి.

32 అంగుళాలు దాటితే పన్ను ఎక్కువని ఒకప్పుడు చాలామంది ఆగిపోయేవారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలపైనా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇక సైజును గదిని బట్టే నిర్ణయించుకోవచ్చు.

పెట్టె మీది మాటలు

హెచ్‌డీఆర్: వెలుగునీడల తేడాను బాగా చూపే పద్ధతి. తెరకు తగినంత వెలుతురు లేకపోతే ఆ ముద్ర ఉన్నా ప్రయోజనం తక్కువ. ఎన్ని 'నిట్స్' అని అడగండి. 250-300 మాత్రమే అయితే హెచ్‌డీఆర్ కోసం అదనంగా చెల్లించనక్కర్లేదు.

రిఫ్రెష్ రేట్: సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో చెప్పే లెక్క. సీరియళ్లకు, సినిమాలకు 60 హెర్ట్జ్ చాలు. ఆటలు ఎక్కువ ఆడే పిల్లలుంటే 120 చూడండి. 'మోషన్ రేట్' వంటి ప్రచార అంకెలు కాక ప్యానెల్ అసలు రేటు అడగాలి.

షాపులో చేయాల్సినవి

- డెమో వీడియో ఆపించి, మామూలు తెలుగు చానల్ పెట్టించి చూడండి. అందరూ ఒకే వరుసలో కూర్చోరు కాబట్టి పక్కనుంచీ చూడండి.
- భాషల సెట్టింగులో తెలుగు ఉందేమో చూడండి. ఇంట్లో పెద్దవారు ఇతర లిపులు చదవలేకపోతే అది చాలా అవసరం.
- ప్యానెల్ వారంటీ ఎన్నేళ్లో బిల్లుపై రాయించుకోండి. తెర పోతే మార్పించే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉండొచ్చు.
- మీ ఊళ్లో సర్వీసు ఉందో, పక్క నగరం నుంచి మనిషి రావాలో కనుక్కోండి.

చివరగా సిగ్నల్ సంగతి. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఏ రాష్ట్రంలో ఉన్నా కావలసిన పే చానల్‌ను విడిగా ఎంచుకునే హక్కు మనకు ఉంది. ప్యాకులో లేని తెలుగు చానల్‌ను, వీలుంటే దాని హెచ్‌డీ రూపాన్ని, ఆపరేటరును పేరు పెట్టి అడగండి. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి డీడీ ఫ్రీ డిష్‌లో నెలవారీ రుసుము లేకుండానే వస్తాయి. ముందు ఇంటికి ఏ చానళ్లు ఏ నాణ్యతతో వస్తాయో తేల్చుకుని, తర్వాత టీవీ కొంటే పెట్టిన డబ్బు తెరపై కనిపిస్తుంది.