786 అంటే ఏమిటి? అంకెల వెనుక ఉన్న లెక్క

ఆటో అద్దం మీద, దుకాణం గల్లాపెట్టె మీద, పెళ్లి రుఖా పైభాగాన 786 రాసి ఉండటం మామూలే. నోటు నంబరులో 786 వస్తే ఖర్చు పెట్టకుండా దాచుకునేవాళ్లూ ఉన్నారు. అసలు ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

అబ్జద్ లెక్క

అరబీలోని 28 అక్షరాల్లో ఒక్కోదానికి ఒక విలువ ఉంది. అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4. ఈ నాలుగూ కలిపి పలికితే అబ్జద్. చివరి అక్షరం గైన్ విలువ 1000. ఈ ప్రకారం బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీంలోని 19 అక్షరాలు కూడితే: బిస్మ్ 102, అల్లాహ్ 66, అర్రహ్మాన్ 329, అర్రహీం 289. మొత్తం 786.

హిందూ సంప్రదాయంలో

అక్షరాలకు అంకెలు ఇవ్వడం అక్కడా ఉంది. దాని పేరు కటపయాది. క, ట, ప, య నాలుగింటికీ విలువ 1. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల సంఖ్యలు ఇలాగే తెలుస్తాయి. మేచకల్యాణిలో 'మ' 5, 'చ' 6. తిప్పి చదివితే 65, అదే ఆ రాగం సంఖ్య.

జపమాలకు 108 పూసలు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108 అని ఒక వివరణ. తస్బీహ్‌కు 33 లేదా 99 పూసలు. నమాజు తర్వాత సుబ్హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు చదివితే వంద. ఏడు ఇద్దరికీ దగ్గరిదే: వాళ్ల పెళ్లిలో సప్తపది, మన హజ్‌లో తవాఫ్ చేసేటప్పుడు కాబా చుట్టూ ఏడు చుట్లు.

మరి 786 రాయొచ్చా?

బిస్మిల్లాహ్ రాసిన కాగితం కాళ్ల కింద పడకూడదనే అదబ్‌తో పెద్దలు 786 రాస్తూ వచ్చారు. గుర్తుగా రాస్తే తప్పులేదని కొందరు ఉలమాలు అంటారు. అది బిస్మిల్లాహ్‌కు బదులు కాదని చాలామంది చెబుతారు. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం ఉత్తరం బిస్మిల్లాహ్‌తోనే మొదలైందని ఖుర్ఆన్ (27:30) చెబుతోంది.

ఇంకో సంగతి. 'హరే కృష్ణా' అని ఉర్దూలో రాసి కూడినా 786 వస్తుంది: హరే 215, కృష్ణా 571. అంటే మొత్తం ఒకటే అయినంత మాత్రాన మాట ఒకటే అయిపోదు. నోటు మీది 786 కూడా ప్రెస్సులో వరసగా పడిన నంబరే. అందుకని రుఖా మీద ఏం రాసినా, పని మొదలుపెట్టేటప్పుడు బిస్మిల్లాహ్ నోటితో చదవడం పిల్లలకు నేర్పితే అసలు సంగతి దక్కుతుంది.