దాతృబీజ సంతానము: కుటుంబ భేదములు, మనఃస్వాస్థ్యము

సంతానము లేక వంశము నిలువదను భయము మన సమాజమునకు నేటిది కాదు. మనుస్మృతి పేర్కొనిన పండ్రెండు విధముల పుత్రులలో ఔరసునితోపాటు క్షేత్రజుడును, దత్తుడును ఉన్నారు. బీజ మొకరిది, పెంపక మొకరిది యను స్థితి ధర్మశాస్త్రకారులు ఎరిగినదే. కాని వారు పిండాధికారమును, దాయభాగమును విచారించిరే గాని ఆ బిడ్డ మనస్సును విచారింపలేదు. ఆ విచారణ యిరువదవ శతాబ్ది యుత్తరార్ధమునగాని బలపడలేదు.

ఆధునిక వైద్యమున ఈ పద్ధతి రహస్యముతోడనే పుట్టినది. 1884లో ఫిలడెల్ఫియా నగరమున విలియమ్ పాన్‌కోస్ట్ అను వైద్యుడు, మత్తులోనున్న యొక స్త్రీకి ఆమె యెరుగకుండగనే దాతృబీజమును ప్రవేశపెట్టెను. ఆ సంగతి 1909లోగాని పత్రికకెక్కలేదు. పిమ్మట చిరకాలము తల్లిదండ్రులు ఈ విషయమును దాచుటయే క్షేమమని తలచిరి.

1995లో సూసన్ గోలంబోక్ మున్నగువారు బ్రిటన్‌లో దాతృవీర్యమున జన్మించిన చిన్నపిల్లల కుటుంబములను పరిశీలించిరి. పిల్లలు కుశలముగా నుండిరి. పెంపకము మిక్కిలి శ్రద్ధతో సాగుచుండెను. కాని ఒక్క యింటనైనను బిడ్డకు నిజము చెప్పియుండలేదు. అమెరికాలో 1986లో నానెట్ గార్ట్రెల్ ప్రారంభించిన పరిశోధనలో, ఇద్దరు తల్లుల యొద్ద పెరిగిన సంతానము పదునేడేండ్ల ప్రాయమున సైతము చక్కని మనఃస్థితి కలిగియున్నట్లు 2010లో వెల్లడియైనది. 2016లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, ఒంటరి తల్లుల పిల్లలకును, తల్లిదండ్రు లిరువురు గల పిల్లలకును భేదము కానరాలేదు. ఏ యింటనైనను ఆర్థికబాధయు, పెంపకపు ఒత్తిడియు అధికమైనచోటనే పిల్లల చిక్కులు హెచ్చెను.

గోలంబోక్ బృందమువారు దాతృవీర్య, దాతృఅండ, పరగర్భ సంతానములు గల 65 కుటుంబములను, సహజసంతానము గల 52 కుటుంబములతో పోల్చి, పిల్లల యిరువదవ యేట తేలిన ఫలితములను 2023లో ప్రకటించిరి. మనఃస్వాస్థ్యమున భేదము లేదు. అయితే ఏడేండ్లలోపుననే నిజమెరిగినవారికి తల్లితోడి సంబంధము మేలుగా నుండెను.

స్వీడను 1985లో, బ్రిటన్ 2005లో దాత నెరుగు హక్కును అప్పటినుండి చేయబడిన దానములకు కల్పించినవి. 2021 నాటి భారత సహాయక ప్రజనన చట్టము శిశువును ఆ దంపతుల బిడ్డగనే గుర్తించుచు, దాతకు హక్కులు లేకుండ జేసినది. కాని పెరిగిన బిడ్డ దాతను తెలిసికొను హక్కును అది చెప్పలేదు. కావున ఆ భారము తల్లిదండ్రులపైననే నిలిచినది.

తిక్కన ఉద్యోగపర్వమున కర్ణుడు యుద్ధముఖమున తన జన్మరహస్యమును వినును. అతడు దాతృబీజ సంతానము కాడు. అయినను అతని కథ యీ విషయమునకు దూరము కాదు. పెంచిన రాధను అతడు విడువలేదు. ప్రేమకు రక్తముకన్న పెంపకమే ప్రమాణమైనది. ఆలస్యముగా దెలిసిన సత్యము మాత్రము ఎవ్వరి దుఃఖమును మాన్పలేదు. గోత్రనామములను పదిలపరచుకొనుచు పరప్రాంతములందు తరతరములుగా నిలిచిన తెలుగు కుటుంబములకు ఈ రెండు సంగతులును ఆలోచింపదగినవి.