చేలో చొరబాటు, వాలెట్‌లో చొరబాటు: ఒక్కొక్క మాటకూ వ్యాఖ్యానం

కొల్లిపర మండలంలో పొలం తగాదా పోలీసు స్టేషన్ ఎక్కిందంటే ఫిర్యాదు దాదాపు ఇలా ఉంటుంది: "మా చేలోకి చొరబడి పంట పాడుచేశారు." వాక్యం ఒకటే అయినా అందులో నేరాలు రెండు. చొరబడటం భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షను, అంటే అక్రమ ప్రవేశం. పాడుచేయడం 324వ సెక్షను, అంటే వకీళ్లు మిస్చిఫ్ అనే నేరం, ఆస్తికి తలపెట్టిన చెరుపు. ఈ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన ఘటనకు పాత ఐపీసీలోని 441, 425 సెక్షన్లే వర్తిస్తాయి. ఏ చట్టమన్నది ఘటన జరిగిన తేదీని బట్టి తేలుతుంది గాని ఫిర్యాదు ఇచ్చిన తేదీని బట్టి కాదు.

సెక్షను పేరు తెలిస్తే చాలదు. అందులోని ప్రతి మాటనూ ఫిర్యాదుదారు నిలబెట్టాలి. ఒక్క మాట జారినా కేసు జారుతుంది. అందుకే మాట తరవాత మాటగా చూద్దాం.

స్వాధీనం

329 చెప్పేది "ఇతరుల స్వాధీనంలో ఉన్న ఆస్తి" గురించి. ఇతరులకు "చెందిన" ఆస్తి అనలేదు. అంటే చట్టం ఇక్కడ చూసేది పట్టాదారు పాసుపుస్తకంలో ఎవరి పేరుందని కాదు, ఘటన నాడు భూమి ఎవరి చేతిలో ఉందని. కృష్ణా డెల్టాలో కౌలు సాగు ఎక్కువ కాబట్టి ఈ తేడా మనకు చాలా ముఖ్యం. ఒక ఆసామి ఎకరం చేను కౌలుకిచ్చాడనుకుందాం. కౌలుదారు పసుపు వేశాడు. గడువు తీరకముందే ఆసామి మనుషులతో చేలో దిగి కౌలుదారును బెదిరిస్తే, భూమి తనదే అయినా అక్రమ ప్రవేశం కింద నిందితుడు కావచ్చు. హక్కు ఆసామిది, స్వాధీనం కౌలుదారుది. ఈ నేరం కాపాడేది స్వాధీనాన్ని. అయితే ఆ స్వాధీనానికి కాగితం కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు, పంట నమోదు, శిస్తు రశీదు, ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యం ఇలాంటి చోటే అక్కరకొస్తాయి.

ప్రవేశం

ఇది రెండు విధాలు. మొదటిది లోపలికి అడుగుపెట్టడం. రెండవది సక్రమంగానే వచ్చి, అక్రమంగా ఉండిపోవడం. పిలిస్తే వచ్చిన మనిషి, పొమ్మన్నాక బెదిరించడానికో అవమానించడానికో కదలకుండా కూర్చుంటే అదీ అక్రమ ప్రవేశమే. "నేను దౌర్జన్యంగా రాలేదు, వాళ్లే రమ్మన్నారు" అన్న జవాబు మొదటి విధానికి సరిపోతుంది గాని రెండవదానికి సరిపోదు.

ఉద్దేశం

ఎక్కువ కేసులు ఇక్కడే తడబడతాయి. అనుమతి లేకుండా గట్టు దాటడం ఒక్కటే ఈ నేరం కాదు. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో వచ్చి ఉండాలి. దగ్గర దారని చేను మధ్యగా నడిచిపోయినవాడు మందలింపుకు తగినవాడే గాని, ఆ నడకతోనే నేరస్థుడు కాడు. మథ్రి అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను ఇంకా సన్నగా గీసింది. తాను వస్తే అవతలివాడికి చికాకు కలుగుతుందని నిందితుడికి తెలిసినంత మాత్రాన చాలదు. చికాకు కలిగించడమే అతని లక్ష్యమై ఉండాలి. అంటే తెలియడం వేరు, తలపెట్టడం వేరు. లోపలి తలపు బయటికి కనపడదు కాబట్టి దాన్ని మాటల నుంచి, చేతల నుంచి ఊహించాలి: ఏ వేళకు వచ్చారు, చేతిలో ఏముంది, ఏమన్నారు. ఫిర్యాదులో రాయవలసింది ఇవే.

ఇల్లు

మనుషులు నివసించే కట్టడం, గుడారం, పడవ, ప్రార్థనాలయం, సరుకు భద్రపరిచే గోదాము, వీటిలోకి చొరబడితే అది గృహ అక్రమ ప్రవేశం. శరీరంలో ఏ కొంత భాగం లోపలికి వచ్చినా ప్రవేశమే, అంటే కిటికీలోంచి చెయ్యి పెట్టినా చాలు. మామూలు అక్రమ ప్రవేశానికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంటి విషయంలో జైలు ఏడాది దాకా.

మిస్చిఫ్

ఒకరికి అన్యాయంగా నష్టం కలగాలని తలపెట్టిగాని, కలగవచ్చని తెలిసిగాని, ఆస్తిని నాశనం చేయడం, లేదా దాని విలువో ఉపయోగమో తగ్గేలా మార్చడం మిస్చిఫ్. ఈ నిర్వచనంలో మూడు సంగతులు గమనించాలి.

ఒకటి: ఇక్కడ "తెలిసి" అన్నా చాలు. అక్రమ ప్రవేశానికి తలంపు కావాలి, చెరుపుకు ఎరుక సరిపోతుంది. రెండు సెక్షన్లకూ ఉన్న అసలు తేడా ఇదే.

రెండు: వస్తువు పూర్తిగా ధ్వంసం కానక్కరలేదు. అరటి చెట్టును నరికి పడేయకుండా, గెల దిగే ముందు పువ్వు ఒక్కటి కోసేసినా ఆ చెట్టు ఆ పంటకు పనికిరాదు. చెట్టు నిలిచే ఉంది, ఉపయోగం పోయింది. అది మిస్చిఫే.

మూడు: ఆస్తి ఉమ్మడిదైనా నేరమే. అన్నదమ్ముల ఉమ్మడి బోరు మోటారును ఒకడు కోపంతో పగలగొడితే, "నా వాటా కూడా ఉంది" అనడం రక్షణ కాదు. చట్టంలోని ఉదాహరణల్లో పంట చేలోకి పశువులను తోలడం ఒకటి. పంట పాడవాలని, లేదా పాడవుతుందని తెలిసి తోలితేనే అది నేరం. కట్టు తెంచుకుని పడిన గేదె సంగతి బందెలదొడ్డితో తేలేది.

ఇక్కడే మరో సంగతి ఉంది. ఆస్తి తనదేనని నిజాయితీగా నమ్మి, ఆ హక్కుతోనే పనిచేసినవాడికి సాధారణంగా నేర ఉద్దేశం అంటదు. అలాంటి తగాదా తేలవలసింది సివిల్ కోర్టులో. అయితే ఆ నమ్మకం నిజమైనదై ఉండాలి, కేసు పడ్డాక పుట్టినదై ఉండకూడదు.

నష్టం విలువ

పాత చట్టంలో 50 రూపాయలు దాటితే శిక్ష పెరిగేది. 1860 నాటి ఆ లెక్క ఇప్పుడు మారింది. మామూలు మిస్చిఫ్‌కు 6 నెలల దాకా జైలు. నష్టం 20,000 నుంచి లక్ష లోపు అయితే 2 సంవత్సరాల దాకా, లక్షగాని అంతకు మించిగాని అయితే 5 సంవత్సరాల దాకా. వీటన్నిటిలో జరిమానా మాత్రమే వేసే అవకాశమూ ఉంది. అంటే "పంట పోయింది" అంటే చాలదు, ఎంత పోయిందో చూపాలి. నరికిన చెట్ల లెక్క, తేదీతో ఫోటోలు, ఉద్యాన సహాయకుడి అంచనా, పసుపైతే దుగ్గిరాల యార్డు ధర. ఆ కాగితాలు లేకపోతే 5 సంవత్సరాల సెక్షను 6 నెలల దానికి దిగిపోతుంది.

నీరు, రాయి, నిప్పు

326వ సెక్షను డెల్టా రైతుకు అన్నిటికంటే దగ్గరిది. సాగునీరు తగ్గేలా చేయడం, అంటే బోదెకు అడ్డుకట్ట వేసి కింది చేలకు నీళ్లందకుండా చేయడం, 5 సంవత్సరాల దాకా శిక్షకు దారితీస్తుంది. మురుగు కాలువను పూడ్చి పొలాలు మునిగేలా చేస్తే అంతే శిక్ష. ప్రభుత్వ అధికారి పాతించిన హద్దురాయిని పీకడం, జరపడం ఏడాది దాకా. ఆసాములు తమకు తాము పాతుకున్న రాయి ఈ ఖండం కిందికి రాదు, దానికి 324 ఉంది. నిప్పు పెట్టడం మరీ తీవ్రం: వామికో పంటకో అయితే 7 సంవత్సరాల దాకా, నివాసానికైతే యావజ్జీవం దాకా.

ప్రజా ఆస్తి

బస్సు అద్దాలు పగలగొట్టడం, ట్రాన్స్‌ఫార్మర్ ధ్వంసం చేయడం వంటి వాటికి 1984 నాటి ప్రజా ఆస్తి నష్ట నివారణ చట్టం వేరుగా ఉంది, 5 సంవత్సరాల దాకా శిక్షతో. నిరసనల్లో జరిగే విధ్వంసంపై సుప్రీంకోర్టు తనంత తాను చేపట్టి 2009 ఏప్రిల్ 16న తీర్పు చెప్పిన కేసు పేరులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. నష్టపరిహారాన్ని కారకుల నుంచే రాబట్టే మార్గదర్శకాలు ఆ తీర్పులో ఉన్నాయి.

కాగ్నిజబుల్

అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కోసం ఆగకుండా పోలీసులు దర్యాప్తు చేయగల నేరం. అక్రమ ప్రవేశం అలాంటిది, మామూలు మిస్చిఫ్ అలాంటిది కాదు. కాబట్టి "పంట పాడుచేశారు" అని మాత్రమే రాస్తే, మేజిస్ట్రేటు అనుమతి లేనిదే దర్యాప్తు కుదరదని స్టేషన్‌లో చెప్పవచ్చు. అది నిర్లక్ష్యం కాదు, దర్యాప్తు పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షను చెప్పినదే. అదే సెక్షను, కలిసి ఉన్న నేరాల్లో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసును అలాగే చూడమంటుంది. అందుకని చొరబాటు నిజంగా జరిగి ఉంటే దాన్ని వదలకుండా రాయాలి, జరగకపోతే కల్పించి రాయకూడదు. చొరబాటుకు రాజీ కుదుర్చుకునే హక్కు స్వాధీనంలో ఉన్నవారిది.

ఆస్తి, ఇప్పుడు క్రిప్టో

ఇంతదాకా చెప్పినదంతా కంటికి కనిపించే ఆస్తి. పాత ఐపీసీ చరాస్తి నిర్వచనంలో "భౌతికమైన" అన్న విశేషణం ఉండేది. న్యాయ సంహిత దాన్ని తీసేసింది. భూమి, భూమికి అంటి ఉన్నవి తప్ప అన్ని రకాల ఆస్తీ చరాస్తే అంటుంది. రూపం లేని ఆస్తికి తలుపు తెరిచింది ఈ మార్పే.

క్రిప్టో విషయంలో రెండు అపోహలు ఎదురెదురుగా నిలుచున్నాయి. "పన్ను వేశారు కాబట్టి డబ్బుతో సమానం" అన్నది ఒకటి. 2022 ఫైనాన్స్ చట్టం క్రిప్టో వంటి వర్చువల్ డిజిటల్ ఆస్తిపై లాభానికి 30 శాతం పన్ను, బదిలీపై 1 శాతం టీడీఎస్ పెట్టింది. అది పన్ను వేయడం మాత్రమే, చెల్లుబాటయ్యే కరెన్సీగా గుర్తించడం కాదు. "రిజర్వు బ్యాంకు నిషేధించింది" అన్నది రెండవది. 2018 ఏప్రిల్ 6 నాటి సర్క్యులర్ బ్యాంకులను ఈ వ్యాపారానికి సేవలందించవద్దంది. దాన్ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చి 7 నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, అంటే ఖాతాదారు గుర్తింపును పరిశీలించి రికార్డులు ఉంచాలి. కొనడం నేరం కాదు, అది కరెన్సీ కూడా కాదు. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టో స్పృశించలేనిదైనా ఆస్తేనని, అనుభవించడానికీ స్వాధీనంలో ఉంచుకోవడానికీ ట్రస్టుగా పెట్టడానికీ వీలైనదని చెప్పింది. మన రాష్ట్ర కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి తీరాలని లేదు, కాని దాన్ని చూపి వాదించవచ్చు.

వాలెట్‌లో చొరబాటు

ఐటీ చట్టం 43వ సెక్షను, యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడాన్ని తప్పంటుంది. సమాచారాన్ని చెరిపేయడం, దాని "విలువను లేదా ఉపయోగాన్ని తగ్గించడం" కూడా అందులో ఉంది. ఈ మాటలు మిస్చిఫ్ నిర్వచనంలోవే. 43 కింద నష్టపరిహారం వస్తుంది. అదే పని మోసంతో, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను కింద నేరం: 3 సంవత్సరాల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పొలంలోలాగే ఇక్కడా ఒట్టి ప్రవేశం వేరు, దురుద్దేశంతో ప్రవేశం వేరు.

సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్ తెరిచే పదాల వరుస, ఇతరుల చేతికి పోతే నాణేలు నిమిషాల్లో వెళ్లిపోతాయి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. లావాదేవీ గుర్తింపు సంఖ్య, వాలెట్ చిరునామాలు, ఎక్స్ఛేంజీ స్టేట్‌మెంటు, సంభాషణల స్క్రీన్‌షాట్లు భద్రపరచాలి.

పసుపు చేనైనా వాలెట్ అయినా కోర్టు అడిగేవి మూడే: ఆనాడు అది ఎవరి చేతిలో ఉంది, వచ్చినవాడు ఏం తలపెట్టాడు, ఎంత పోయింది. ఈ మూడింటికీ కాగితమో సాక్షో ఉన్న ఫిర్యాదు నిలుస్తుంది. కోపం ఎంత న్యాయమైనదైనా ఈ మూడింటికీ బదులు కాలేదు. కాబట్టి స్టేషన్ మెట్లెక్కే ముందు ఈ మూడు జవాబులూ ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. దేనికి జవాబు లేదో ముందు దాన్ని వెతకండి.